డేవిడ్ మెక్లెలాండ్ పండితుని జీవితము

మా పాఠశాలలో చదువు ముగించి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కళాశాలలలో పట్టము పొందిన పిదప, వ్యాపార నిర్వహణ శాస్త్రమును అభ్యసింప బోవు బాలబాలికలు ఏటేట కనబడుచున్నారు. ఆ చదువునే లోకులు ఎం.బి.ఏ. యని వ్యవహరించుచున్నారు. అందు సంస్థాగత ప్రవర్తన యను నొక భాగము కలదు. పదిమంది కూడి పనిచేయుచోట మనుజుడెట్లు మెలగును, కొందరు చెప్పకయే యేల పనిచేయుదురు, కొందరు చెప్పినను ఏల చేయరు, పైనుండు వాడు క్రిందివారి నెట్లు నడిపింపవలెను అనునవి దానిలోని విషయములు. పిల్లల తలిదండ్రులలో కొందరు, ముఖ్యముగా అంగళ్లు నడుపువారును, బియ్యపు మిల్లులవారును, ఇది పుస్తకములో జదువవలసిన విద్యయా, గల్లాపెట్టె యొద్ద పదియేండ్లు కూర్చుండిన దానంతట నదియే రాదా యని నవ్వుచు నడుగుచుందురు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. దానిని మనస్సున నుంచుకొనియే మేము ఈ సంవత్సరము ఒక అమెరికా పండితుని చరిత్రమును మా చదువరుల యెదుట నుంచుచున్నాము. ఆయన పేరు ఆ పాఠ్యపుస్తకములలో తప్పక కనబడును. అయితే ఆయన తన సిద్ధాంతమును పరీక్షించి చూచుకొనుటకు మన తెలుగు పట్టణమైన కాకినాడను ఎన్నుకొనెనను సంగతి మనవారిలో ననేకులు ఎరుగరు.

డేవిడ్ మెక్లెలాండ్ 1917వ సంవత్సరము మే నెల 20వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని మౌంట్ వెర్నన్ పట్టణమున జన్మించెను. తండ్రి మెథడిస్టు సంఘపు బోధకుడు. తరువాత ఇల్లినాయ్ రాష్ట్రములోని జాక్సన్‌విల్ పట్టణమున, స్త్రీల విద్యకై వెలసిన మాక్మరే కళాశాలకు అధ్యక్షుడుగా నుండెను. కావున ఈ బాలుడు ప్రార్థనయు, పుస్తకమును ఒకే కప్పు క్రింద నున్న యింట పెరిగెను. 1938లో వెస్లియన్ విశ్వవిద్యాలయమున పట్టము పొంది, మరుసటి యేడు మిస్సోరి విశ్వవిద్యాలయమున ఎం.ఏ. ముగించి, 1941లో యేల్ విశ్వవిద్యాలయమున మనశ్శాస్త్రములో డాక్టరు బిరుదము నందెను. ఆయన భార్య మేరీ షార్ప్‌లెస్ క్వేకరు కుటుంబమునకు జెందినది. ఆయనయు ఆ సంఘములో జేరెను. యుద్ధము చేయరాదనునది క్వేకరుల నియమము. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున ఆయన ఫిలడెల్ఫియాలో ఆ సంఘమువారి సేవాసమితియందు పనిచేయుచు, బ్రిన్ మార్ కళాశాలలో పాఠములు చెప్పెను. యుద్ధానంతరము వెస్లియన్ విశ్వవిద్యాలయములో నాచార్యుడుగా స్థిరపడెను.

ఆ దినములలో మనశ్శాస్త్రజ్ఞులకు కోరిక యనునది ఒక చిక్కుప్రశ్నగా నుండెను. ఎలుకను ఒకదినము పస్తుంచినచో దాని యాకలిని గంటలతో గొలువవచ్చును. మనుజుని యందు ధనకాంక్ష యెంత, పేరుకై యాశ యెంత, పని చక్కగా జేయవలెనను తహతహ యెంత యని కొలుచుట యెట్లు? నోరు తెరచి యడిగిన లాభము లేదు. ఎవరినడిగినను తాము శ్రమజీవులమనియే చెప్పుకొందురు. హార్వర్డు విశ్వవిద్యాలయమున హెన్రీ మర్రే అను పండితుడు అంతకుముందే ఒక యుపాయమును గనిపెట్టి యుండెను. అస్పష్టమైన పటము నొకదానిని జూపి, దానిపై కథ చెప్పుమని యడుగుట. కథ చెప్పువాడు పటములోని వానిని గూర్చి చెప్పుచున్నాననుకొనునే గాని, తన మనస్సునే విప్పి చూపుచుండును. మెక్లెలాండును, ఆయన తోడివాడు జాన్ అట్కిన్సనును ఈ పద్ధతిని మొదట ఆకలిపై ప్రయోగించిరి. జలాంతర్గామి నౌకల స్థావరమొకదానిలో నావికులను ఒక గంట, నాలుగు గంటలు, పదునారు గంటలు ఆహారము లేక యుండిన మూడు తరగతులుగా జేసి కథలు వ్రాయించిరి. ఆకలి హెచ్చిన కొలది కథలలో తిండి దొరకమియు, దానిని సంపాదించు ప్రయత్నములును హెచ్చుట కనబడెను. 1948లో ఈ ఫలితములు ప్రకటింపబడెను. ఆకలిని కథలో బట్టవచ్చునేని మనోవాంఛలను మాత్రమేల పట్టరాదని వారు ముందునకు సాగిరి.

వారు పట్టదలచిన వాంఛకు మనము సాధనాకాంక్ష యని పేరు పెట్టుకొందము. ఇది ధనాశ కాదు, కీర్తికాంక్షయు గాదు. నిన్నటికంటె నేడు మేలుగా జేయవలెను, చేసినది బాగున్నదో లేదో తానే తెలిసికొనవలెను అను లోని తపన. 1953లో మెక్లెలాండు తన సహచరులతో గూడి ఈ విషయముపై నొక గ్రంథమును ప్రకటించెను. మేకునకు వలయములు విసరు ఆట యొకటి ఆయన పరిశోధనలలో ప్రసిద్ధమైనది. ఎంత దూరమున నిలుచుటయో ఆడువారి యిష్టమునకు విడుతురు. సాధనాకాంక్ష తక్కువగా నున్నవారిలో ననేకులు మేకుదగ్గరనే నిలిచి సులువుగా వేయుదురు, లేదా మిక్కిలి దూరమున నిలిచి అదృష్టమునకు విడిచిపెట్టుదురు. ఆ కాంక్ష హెచ్చుగా నున్నవారు మధ్యమమైన దూరమును ఏరుకొందురు. గురి తప్పవచ్చును, గాని నేర్పు పెంచుకొన్నచో తగులవచ్చును కూడ. గెలుపోటములు తమ చేతిలో నుండు చోటునే వారు కోరుకొందురన్నమాట. జూదరి వేరు, వ్యాపారదక్షుడు వేరు అనునది ఈ చిన్న యాటలో తేలుచున్నది.

ఇచ్చట తలిదండ్రులకు నొక సంగతి చెప్పక ముందునకు బోజాలము. మరియన్ వింటర్‌బాటమ్ అను పరిశోధకురాలు ఎనిమిది మొదలు పది సంవత్సరముల ప్రాయము గల యిరువదితొమ్మిది మంది బాలుర తల్లులను విచారించెను. సాధనాకాంక్ష హెచ్చుగా నున్న బాలుర తల్లులు చిన్ననాటనే పిల్లవాడు తన పని తానే చేసికొనవలెనని యాశించుచుండిరి. చేసినప్పుడు అక్కున జేర్చుకొని ముద్దాడుచుండిరి. తక్కినవారు స్వతంత్రతను ఆలస్యముగా నిచ్చుచుండిరి. ఇరువదితొమ్మిది మంది యనగా స్వల్పసంఖ్యయే, దానిపై గొప్ప కోటలు గట్టరాదు. అయినను పదియవ తరగతి బాలునికి పలకరింత మొదలు ప్రవేశపత్రము వరకు అన్నియు తామే చేసిపెట్టు తలిదండ్రులను ప్రతి జూన్ మాసమున చూచుచున్న మేము, ఆ పరిశోధనను చదివినప్పుడు కొంత నవ్వుకొంటిమి.

1956లో మెక్లెలాండు హార్వర్డునకు పిలువబడెను. అచ్చట ఆయన ముప్పది సంవత్సరములు పనిచేసెను. 1961లో ఆయన వ్రాసిన బృహద్గ్రంథమొకటి లోకమునందు గొప్ప చర్చకు దారితీసెను. కొన్ని దేశములు ధనవంతములై, కొన్ని దరిద్రములై యుండుటకు, ఆ దేశ ప్రజలలోని సాధనాకాంక్ష యొక కారణమని ఆయన వాదము. దీనికి సాక్ష్యముగా ఆయన వాడినది పిల్లల వాచకములు. 1925 ప్రాంతమున ఇరువదిమూడు దేశములవియు, 1950 ప్రాంతమున నలుబది దేశములవియు చిన్నతరగతుల వాచకములలోని కథలను దెప్పించి, ఏ కథలో ఏ కాంక్ష యెంత గలదని లెక్కవేయించెను. తరువాత విద్యుచ్ఛక్తి ఉత్పత్తి యే దేశమున ఎంత హెచ్చెనో దానితో పోల్చి చూచెను. కథలలో సాధనాకాంక్ష హెచ్చుగా గల దేశములు తరువాతి కాలమున వేగముగా వృద్ధిచెందెనని ఆయన కనుగొనెను. మన దేశపు వాచకములకు సగటుకంటె హెచ్చు లెక్కయే వచ్చినది.

వాచకములు బోధించుటయే జీవనముగా గల మాకు ఈ వాదము తియ్యగా నుండవలెను. అయినను నమ్ముట కష్టముగనే యున్నది. ఒక దేశము బీదదగుటకు పరపాలనము, కరవులు, భూమి కొందరిచేత జిక్కుట, బ్యాంకు అప్పు పుట్టకపోవుట మొదలైన కారణములెన్నియో కలవు. వానిని విడిచి బీదవాని మనస్సునే తప్పుపట్టుట న్యాయము గాదని అనేకులు ఆయనను విమర్శించిరి. తరువాతి పరిశోధకులకు ఆ వాచకముల లెక్క ఆయనకు గుదిరినంత చక్కగా గుదురలేదు. మన ప్రాంతమునే చూడుడు. మిర్యాలగూడ చుట్టును నేడు వందలకొలది వాహనములు ధాన్యముతో నిలుచు మిల్లులు వెలసినవన్నచో, దానికి ముందు నాగార్జునసాగరము కట్టబడి, 1967లో కాలువలకు నీరు వదలబడి, ఎడమ కాలువ క్రింద వరి పండవలసి వచ్చెను. నీరు లేనిదే ఎంతటి తపన యున్నను మిల్లు ఆడదు. అయితే ఒకే కాలువ నీరు పారిన చోటులలో ఒకడు మిల్లు పెట్టుటయు, ఒకడు పెట్టకుండుటయు ఏల యను ప్రశ్న మిగిలియే యున్నది. మెక్లెలాండు ప్రశ్న ఆ మిగిలిన భాగమునకు జెందినది.

ఆయన గొప్పతనమంతయు, మా యభిప్రాయమున, ఆ గ్రంథములో గాక దాని తరువాతి పనిలో నున్నది. మనుజుని స్వభావము శైశవముననే గట్టిపడునని ఆనాటి మనశ్శాస్త్రజ్ఞులలో పెక్కుమంది నమ్మకము. అదే నిజమైనచో నలుబది యేండ్ల వర్తకుని మార్చుట యసాధ్యము. ఆయన తన గదిలో గూర్చుండి వాదింపక, పరీక్షించి చూతమనుకొనెను. అందుకు తగిన స్థలము మన హైదరాబాదున దొరకెను. చిన్న పరిశ్రమల వారికిని, వారికి సహాయపడు ఉద్యోగులకును శిక్షణమిచ్చుటకై భారత ప్రభుత్వము స్థాపించిన సంస్థ 1962లో హైదరాబాదునకు వచ్చి యుండెను. నేడు యూసుఫ్‌గూడలో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థ యను పేర నున్నది అదియే. ఆ సంస్థవారితో గలిసి మెక్లెలాండును, ఆయన శిష్యుడు డేవిడ్ వింటరును కార్యమునకు బూనుకొనిరి.

కాకినాడ సముద్రతీరమందలి యోడరేవు. లక్షకు మించిన జనసంఖ్యయు, చిన్నచిన్న వర్తకులును, కొన్ని పరిశ్రమలును గల పట్టణము. కెనడా బాప్టిస్టు మిషను వారి మెక్లారిన్ ఉన్నత పాఠశాల మూలమున ఆ యూరి పేరు మిషను పాఠశాలల వారికి పూర్వపరిచితమే. 1964లో అచ్చటి వర్తకులు సుమారు ఏబదిమంది తమ యిష్టముచొప్పున, కొన్ని జట్లుగా హైదరాబాదునకు వచ్చి శిక్షణము పొందిరి. పోల్చి చూచుటకై శిక్షణము లేని వర్తకులను కాకినాడలోను, గోదావరి యొడ్డుననే యున్న రాజమహేంద్రవరములోను ఎన్నుకొనిరి. తమిళదేశములోని వేలూరులోను ఇట్టి ప్రయత్నమే జరిగెను.

శిక్షణము పది దినములు మాత్రమే. అంగడిని, ఇంటిని, బంధువులను విడిచి వచ్చినవారు ఒకే చోట భుజించుచు, నిదురించుచు, కలిసి నేర్చుకొనిరి. మొదట తామే పటములపై కథలు వ్రాసి, ఆ కథలలో సాధనాకాంక్ష యెంత కలదో తామే లెక్కించుట నేర్చిరి. పిమ్మట ఆ కాంక్ష నిండిన కథలను వ్రాయ నభ్యసించిరి. వలయముల యాట యాడి, తాము దగ్గర నిలుచువారో, దూరము పోవువారో తమ కన్నులతో జూచుకొనిరి. ఇట్టి తలపు మన ధర్మమునకును, కుటుంబ మర్యాదకును పొసగునా యని వారిలోవారు తర్కించుకొనుటకు ప్రత్యేకముగా వేళ యియ్యబడెను. ఏ యుద్దేశమును వారినుండి దాచలేదు. ఇది మాకు మిక్కిలి నచ్చిన విషయము. ఇతరుల మనస్సును మార్చబూనువాడు ముందుగా ఆ సంగతి వారికి జెప్పవలెను గదా. కడపట ప్రతివాడును రెండు సంవత్సరములలో తన వ్యాపారమున నేమి చేయదలచెనో కాగితముపై వ్రాసి యిచ్చి, ఆరునెలల కొకసారి ఎంత జరిగెనో తెలుపుటకు ఒప్పుకొనెను.

వారు తిరిగి వెళ్లిన పిమ్మట నేమి జరిగెనో పరిశోధకులు కాకినాడకు బోయి విచారించిరి. చిన్న రేడియో దుకాణము గలవాడొకడు దానిని సాగించుచునే రంగులు, వార్నీషులు చేయు కర్మాగారమును పెట్టెను. అప్పులిచ్చుటకు జంకుచుండిన వడ్డీవ్యాపారి యొకడు వర్తకులకు ధైర్యముగా ఋణము లియ్యసాగెను. మొత్తముమీద శిక్షణము పొందినవారిలో సుమారు సగముమంది తరువాతి రెండేండ్లలో క్రొత్త పూనిక చూపగా, పొందనివారిలో నాలుగవ వంతు మాత్రమే అట్లు చేసిరి. శిక్షితులు పెట్టిన పెట్టుబడియు, క్రొత్తగా పని కల్పించినవారి సంఖ్యయు హెచ్చుగా నుండెను. కులమును బట్టి గాని, పూర్వాచారములను పాటించుటను బట్టి గాని ఈ ఫలితము మారలేదు. ఆచారపరుడు వ్యాపారమున ముందునకు రాలేడను వాదమును ఇది చాలవరకు త్రోసివేసినది. 1969లో మెక్లెలాండును, వింటరును ఈ వృత్తాంతమంతయు నొక గ్రంథముగా వెలువరించిరి.

ఆ గ్రంథమున మా దృష్టికి అన్నిటికంటె విలువగలదిగా దోచినది ఫలించిన వారి కథ కాదు, ఫలింపని వారి కథ. వ్యాపారమునందు నిర్ణయము చేయు నధికారము తమ చేతిలో నున్నవారే యెక్కువగా మారిరి. ఒకరి క్రింద నుండి పనిచేయువారు అదే పది దినములు అదే గదిలో గూర్చుండి, అదే యుత్సాహముతో బయలుదేరినను, ఇంటికి వచ్చి చేయగలిగినది స్వల్పము. మన సూర్యాపేట బజారులో ఎన్ని దుకాణములలో తండ్రి గల్లా యొద్దను, పట్టభద్రుడైన కుమారుడు తక్కెడ యొద్దను నిలిచి యుండుట చూడము? కుమారుడు ఎం.బి.ఏ. చదివి వచ్చి, ఈ సరకు ఇట్లు తెప్పింతము, ఆ లెక్క అట్లు వ్రాయుదమనగా, అదంతయు పుస్తకపు మాటయని తండ్రి కొట్టివేయును. ఏడాది తిరుగకమున్నే కుమారుడు హైదరాబాదున నేదో కచేరిలో నెలజీతమునకు జేరును. పిల్లవానికి వ్యాపారమునం దాసక్తి లేదని తండ్రి అందరితో జెప్పుకొనును. ఆసక్తి లేకపోయెనా, అధికారము లేకపోయెనా? ఆ పండితుడు నవ్వుచు ప్రశ్నించు తండ్రులకు ఎదురు ప్రశ్న వేయవలసి వచ్చినచో, ఇదియే వేసియుండును. గల్లాపెట్టె యొద్ద కూర్చుండుటచే విద్య వచ్చుననుట నిజమే కావచ్చును. గాని అచ్చట కూర్చుండనిచ్చుట యొకటి కలదు.

తరువాతి కాలమున మెక్లెలాండు తన మొదటి మాటను తానే సరిదిద్దుకొనెను. సాధనాకాంక్ష గలవాడు చిన్న వ్యాపారమున రాణించును గాని, పెద్ద సంస్థలో నూరుమందిని నడుపుటకు అది చాలదని ఆయన గమనించెను. తానే అన్ని పనులు చేసికొనదలచువాడు ఇతరులచేత జేయింపలేడు. ఇతరుల స్నేహమునే మిక్కిలి కోరువాడు ఒకరి మొగము చూచి నియమము సడలించును, దానిచే తక్కినవారు నొచ్చుకొందురు. ఇతరులపై ప్రభావము చూపవలెనను కోరిక యుండి, ఆ కోరికను తన లాభమునకు గాక సంస్థ మేలునకు లోబరచుకొనగలవాడే మంచి నిర్వాహకుడని 1976లో డేవిడ్ బర్న్‌హామ్‌తో గూడి వ్రాసిన వ్యాసమున నిరూపింప బ్రయత్నించెను. అధికార కాంక్ష మంచిదగుట యెట్లని క్వేకరు సోదరులకు ఆశ్చర్యము గలిగియుండును.

1973లో ఆయన వ్రాసిన మరియొక వ్యాసము పరీక్షల విషయమై యుండుటచేత మా విద్యార్థులకు రుచించును. పాఠశాల మార్కులును, తెలివి పరీక్షలును జీవితములో పని చక్కగా జేయుటను ముందుగా తెలుపజాలవని దాని సారాంశము. విదేశములలో అమెరికా ప్రభుత్వము తరఫున పనిచేయు నుద్యోగులను ఎన్నుకొను పరీక్షయొకటి ఆయన విచారణకు వచ్చెను. ఆ పరీక్షలో హెచ్చు మార్కులు వచ్చినవారు పనిలో హెచ్చుగా రాణింపలేదు. అప్పుడాయన మంచి పేరు గన్న యుద్యోగులను, సామాన్యులను వేరువేరుగా గూర్చుండబెట్టి, పనిలో తమకు జరిగిన కష్టసుఖములను వివరముగా జెప్పించి, ఆ రెండు తరగతుల వారి నడవడిలో భేదమెక్కడ గలదో వెదకెను. నేడు పెద్ద కంపెనీలవారు ఉద్యోగార్థిని, ఫలానా చిక్కు వచ్చినప్పుడు నీవేమి చేసితివని యడుగుచున్నారన్నచో, ఆ పద్ధతికి మూలములలో నిదియొకటి. అయితే విద్యార్థులు దీనిని మార్చి మాసపు పరీక్షలకు చదువకుండుటకు సాకుగా జేసికొనరాదని మా విన్నపము.

కాకినాడ ప్రయోగము కాకినాడతో నాగలేదు. 1970వ సంవత్సరము నుండి గుజరాతు రాష్ట్రమున వ్యాపారోత్సాహము గల యువకులకు ఇట్టి శిక్షణములు, ఈసారి అప్పు, స్థలము, యంత్రములను సమకూర్చు ఏర్పాట్లతో గూడ, ప్రారంభింపబడెను. 1983లో అహమ్మదాబాదున దీనికై యొక ప్రత్యేక సంస్థయే వెలసెను. మనస్సును మాత్రము సిద్ధపరచి, చేతికి పనిముట్లీయకున్న చాలదను విమర్శ ఇట్లు కొంతవరకు తీరినది.

వృద్ధాప్యమున ఆయన మనఃస్థితికిని, దేహారోగ్యమునకును గల సంబంధమును శోధించెను. కలకత్తాలో మదర్ తెరెసా రోగులకు జేయు సేవను జూపు చలనచిత్రమును విద్యార్థులకు జూపి, చూచుటకు ముందును, తరువాతను వారి లాలాజలమును పరీక్షించి, రోగనిరోధకమైన పదార్థమొకటి అందు హెచ్చినట్లు 1988లో ప్రకటించెను. దీనిని గూర్చి నమ్మినవారు నమ్మిరి, తల యూచినవారు తల యూచిరి. 1987లో హార్వర్డును విడిచి బోస్టను విశ్వవిద్యాలయమున జేరి, కడవరకు పరిశోధనము మానలేదు. 1998వ సంవత్సరము మార్చి 27వ తేదీన మాసచూసెట్సు రాష్ట్రములోని లెక్సింగ్టనున, ఎనుబదియవ యేట, డేవిడ్ మెక్లెలాండు పరమపదించెను.